గలాగా: సున్నా దగ్గర జారిన ఆట

1990ల్లో కరీంనగర్, జగిత్యాల బజార్లలో గంట లెక్కన ఆడనిచ్చే వీడియోగేమ్ షాపులుండేవి. ఓ చిన్న టీవీ, దానికి తగిలించిన డబ్బా, రెండు రిమోట్లు. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని గొప్పగా అచ్చేసి ఉండేది. లోపల నిజంగా ఉన్నవి కొన్ని ఆటలే, అవే కొత్త పేర్లతో మళ్లీ మళ్లీ తిరిగొచ్చేవి. ఆ డబ్బాలు జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన ఫామికామ్‌కు నకళ్లు. మారియో, కాంట్రాల కోసం పోరగాళ్లు కొట్లాడుకునేవారు. అవి విసుగొస్తే గెలాక్సియన్, దాని తమ్ముడు గలాగా. పైనుంచి పురుగులు దిగుతుంటాయి, కింద నుంచి మన విమానం కాలుస్తుంటుంది. చూడ్డానికి ఇంతే.

నామ్కో సంస్థ గెలాక్సియన్‌ను 1979లో, గలాగాను 1981లో తెచ్చింది. రెండోదాన్ని రూపొందించినది షిగేరు యోకొయామా. రౌండుకు 40 శత్రువులు: నాలుగు నాయక పురుగులు, 16 సీతాకోకచిలుకలు, 20 తేనెటీగలు. నాయక పురుగు నీలికాంతి చిమ్మి మన విమానాన్ని పైకి లాక్కుపోగలదు. దాన్ని సరిగ్గా కాల్చి విడిపించుకుంటే రెండు విమానాలు జంటగా నడుస్తాయి. తూటాలు రెట్టింపు, తగిలే ఒళ్లూ రెట్టింపు. చేతిలో ఉన్న ప్రాణాన్ని కావాలనే పట్టించే తెగువ ఆటగాడికి నేర్పింది కాబట్టే ఈ సీక్వెల్ అన్నను మించిపోయింది. ఇదంతా నడిపింది మూడు జెడ్80 ప్రాసెసర్లు, ఒక్కోదాని వేగం దాదాపు 3 మెగాహెర్ట్జ్. నేటి ఫోన్లలో వేగం గిగాహెర్ట్జుల్లో ఉంటుంది.

నన్నడిగితే ఈ ఆటల్లో అసలు విద్య పురుగుల్లో లేదు, వాటి వెనక జారే చుక్కల్లో ఉంది. (క్యాసెట్ ఆటల ఆకాశం వేరు, ఇక్కడ చెబుతున్నది నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల సంగతి.) ఆ రోజుల్లో తెరంతా చుక్కల బొమ్మ దాచుకునేంత మెమరీ పెట్టడం ఖర్చు. అందుకని గెలాక్సియన్ ఇంజినీర్లు చుక్కలను దాచలేదు, ఎప్పటికప్పుడు పుట్టించారు. అందుకు వాడిన సర్క్యూట్ పేరు షిఫ్ట్ రిజిస్టర్.

కొండగట్టు అంజన్న దర్శనం లైనులో 17 మంది నిలబడ్డారనుకోండి. ఒక్కొక్కరి చేతిలో ఒకటి గానీ సున్నా గానీ రాసిన చీటీ. ముందున్నవాడు లోపలికి పోగానే అందరూ ఒక అడుగు జరుగుతారు, వెనక కొత్తవాడు చేరతాడు. వాడి చీటీ మీద ఏముండాలో ముందే నిర్ణయించిన ఇద్దరి చీటీలు తేలుస్తాయి: ఆ రెండూ వేరువేరైతే ఒకటి, ఒకేలా ఉంటే సున్నా. ఇంత చిన్న నియమంతో 17 స్థానాల వరస 1,31,071 అడుగుల దాకా మళ్లీ మొదటికి రాదు. చూసేవాడికి అంతా అడ్డదిడ్డంగానే కనిపిస్తుంది, నిజానికి ప్రతి అడుగూ ముందే ఖాయం. తొమ్మిది స్థానాల్లో ఒక నిర్దిష్ట క్రమం పడినప్పుడల్లా తెరమీద చుక్క వెలుగుతుంది, మరో ఆరు స్థానాలు దాని రంగు చెబుతాయి.

మరి చుక్కలు కదిలేదెలా? తెరను ఒకసారి గీసే వ్యవధిలో రిజిస్టర్ వేసే అడుగులకూ, ఆ 1,31,071కీ ఒక్క అడుగు తేడా ఉండేలా అమర్చారు. కాబట్టి ప్రతిసారీ చుక్కల వరస అంతా గీత వెంబడి కాస్త పక్కకు జరిగి పడుతుంది. పిక్చర్ ట్యూబును పక్కకు తిప్పి బిగించారు గనుక ఆ పక్క జరుగుడు మన కంటికి కిందికి జారడంలా కనిపిస్తుంది. ప్రాసెసర్‌కు ఈ పనితో సంబంధమే లేదు. గలాగాలో ఇదే పద్ధతిని 16 స్థానాల రిజిస్టర్‌తో, వేగం మార్చుకునే వీలుతో, ప్రత్యేక చిప్‌లోకి ఎక్కించారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. అన్ని చీటీలూ సున్నాలే అయితే? పోల్చే రెండూ సున్నాలే, కొత్తదీ సున్నాయే. ఇక ఆ లైనులో ఒకటి పుట్టే దారి లేదు, ఆకాశంలో ఒక్క చుక్కా ఉండదు. యంత్రం ఆన్ చేయగానే ఉండేదేమో సున్నాలే! గెలాక్సియన్ ఇంజినీర్లు నియమాన్ని తిరగేశారు: రెండూ ఒకేలా ఉంటే ఒకటి, వేరైతే సున్నా. అప్పుడు సున్నాల నుంచే ఆకాశం మొదలవుతుంది.

కొండగట్టుకు పోతూ ఫోన్‌లో దారి చూసేటప్పుడు పనిచేసేదీ ఈ జాతి సర్క్యూటే. జీపీఎస్ ఉపగ్రహం పది స్థానాల రిజిస్టర్లు రెండింటిని కలిపి 1,023 అంకెల క్రమాన్ని మిల్లీసెకనుకోసారి పంపుతుంది. ఫోన్ అదే క్రమాన్ని తనూ తయారుచేసుకుని, పైనుంచి వచ్చినది ఎంత వెనకబడిందో చూసి దూరం లెక్కగడుతుంది. నిజంగానే అడ్డదిడ్డమైన సంకేతమైతే ఫోన్ దాన్ని తిరిగి పుట్టించలేదు. మన నావిక్ ఉపగ్రహాలదీ ఇదే తీరు. వాటిలో మొదటిది 2013 జులైలో శ్రీహరికోట నుంచి ఎగిరింది.

చుక్కల దగ్గర జాగ్రత్తగా దాటిన సున్నా, తూటాల దగ్గర మాత్రం కాటేసింది. గలాగా ప్రోగ్రాంలో బొమ్మ అడ్డం స్థానం సున్నా అంటే 'ఇది తెరమీద లేదు, వదిలెయ్' అని అర్థం. కానీ సున్నా తెర అంచున ఒక నిజమైన చోటు కూడా. ఎడమ అంచు దాటిపోతున్న తేనెటీగ సరిగ్గా అక్కడున్నప్పుడు కాల్చిందంటే, ఆ తూటాకు మెమరీలో ఒక గది కేటాయింపు అవుతుంది. కదిలించే కోడ్ మాత్రం సున్నాను చూసి దాన్ని దాటిపోతుంది. తూటా కదలదు, గది ఖాళీ కాదు. శత్రు తూటాలకున్న గదులు కొన్నే. ఒక్కొక్కటే అలా ఇరుక్కుపోతే చివరికి కాల్చడానికి ఏమీ మిగలదు.

ఆటగాళ్లు దీన్ని ముందే పసిగట్టారు. మొదటి రౌండులో కింద ఎడమ మూలనున్న రెండు తేనెటీగలను వదిలి, మిగతావన్నీ కాల్చేసి, ఓ పావుగంట తప్పించుకు తిరిగితే అవి కాల్పులు మానేస్తాయి. తర్వాత వాటినీ చంపితే ఆ ఆట ముగిసేదాకా ఏ పురుగూ తూటా వదలదు. ఢీకొట్టడానికి మాత్రం వస్తూనే ఉంటాయి. అలా ఆడుతూ పోయినవాళ్లకు ఇంకో సున్నా ఎదురవుతుంది: రౌండ్ల లెక్క ఎనిమిది బిట్లలోనే, అంటే 255 తర్వాత వచ్చేది 256 కాదు, సున్నా. యంత్రం యజమాని పెట్టుకున్న కష్టస్థాయిని బట్టి కొన్ని యంత్రాలు ఆ సున్నా రౌండులో అక్కడికక్కడే బిగుసుకుపోయేవి.