ఇంట్లో తాబేలు ఉంటే

తాబేలు అందరికీ తెలిసిన జీవి. కుందేలుతో పందెం వేసి గెలిచిన తాబేలు కథ చిన్నప్పుడు అందరూ విన్నదే. మెదక్ వైపు దీన్ని తాంబేలు అని కూడా అంటారు. వానలు పడితే చెరువు గట్టు మీద కనబడుతుంది. ఘనపురం ఆనకట్ట కాలువల కింద నాట్లు వేసేటప్పుడు బురదలో కాలికి తగులుతుంది.

ఇప్పుడు తాబేలు పట్టణాల్లో ఇళ్లలోకి కూడా వచ్చింది. హైదరాబాద్ పోయినవాళ్లు అక్కడి దుకాణాల్లో చిన్న తాబేలు పిల్లను చూస్తారు. అది అరచేతిలో ఇమిడిపోతుంది. "అమ్మా, తాంబేలు కొనియ్యవా?" అని పిల్లలు మారాం చేస్తారు. తాబేలు ఇంట్లో ఉంటే కలిసి వస్తుందని పెద్దవాళ్లు కూడా కొంటారు.

తెచ్చేది ఎవరైనా సరే, దానికి నీళ్లు మార్చేది, తిండి పెట్టేది చివరికి ఇంటి ఆడవాళ్లే. చట్టం సంగతి, పిల్లల ఆరోగ్యం సంగతి, తాబేలు బాగోగుల సంగతి వాళ్లు తెలుసుకోవాలి.

ఏ తాబేలును పెంచకూడదు?

చెరువులో, కుంటలో, బావిలో దొరికిన తాబేలును ఇంటికి తేవద్దు. అది నేరం.

మన దేశంలో 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. అడవి జంతువులను పట్టకూడదు, అమ్మకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు అని ఆ చట్టం చెబుతుంది. మన చెరువుల్లో ఎక్కువగా కనిపించే నీటి తాబేలు ఈ చట్టంలోని మొదటి జాబితాలో ఉంది. పులి, ఏనుగు ఉన్న జాబితా అదే. వీపు మీద చుక్కల గీతలుండే నక్షత్ర తాబేలు కూడా ఆ జాబితాలోనే ఉంది.

2022లో ఈ చట్టాన్ని సవరించారు. మొదటి జాబితాలోని జంతువును పట్టినా, దాచినా మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు పడుతుంది. 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా కూడా ఉంటుంది. "మాకు తెలియదు" అంటే చట్టం ఊరుకోదు.

తాబేలును విష్ణుమూర్తి కూర్మావతారంగా చాలామంది మొక్కుతారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో ఆ దేవుడికి గుడి ఉంది. మొక్కడం మంచిదే. కానీ భక్తితో తెచ్చి ఇంట్లో పెట్టుకున్నా చట్టం ఒప్పుకోదు.

చెరువు తాబేలుకు చెరువే ఇల్లు. అది నత్తలను తింటుంది. చచ్చిన చేపలను, కుళ్లిన వాటిని తిని నీళ్లను శుభ్రం చేస్తుంది. ఎండాకాలం చెరువు ఎండిపోతే మట్టిలో దూరి పడుకుంటుంది. వానలు పడగానే బయటికి వస్తుంది. గ్లాసు తొట్టిలో దానికి ఆ బతుకు ఉండదు.

ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా అలాంటి తాబేలు ఉంటే దాచిపెట్టవద్దు. మెదక్‌లోని అటవీ శాఖ ఆఫీసులో చెప్పి అప్పగించాలి.

దుకాణంలో అమ్మే తాబేలు

దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది పరదేశపు తాబేలు. దాని కళ్ల వెనక రెండు పక్కలా ఎర్రటి చార ఉంటుంది. అందుకే దీన్ని ఎర్ర చెవి తాబేలు అంటారు. దీని సొంత ఊరు అమెరికా. అక్కడి మిసిసిపీ నది వైపు నుంచి ఇది ప్రపంచమంతా చేరింది.

పరదేశపు జంతువుల మీద కూడా 2022 సవరణలో మాట ఉంది. మన జీవాలకు చేటు చేసే పరదేశపు జంతువుల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. కొన్ని రకాల పరదేశపు జంతువులను పెంచితే పేరు నమోదు చేయించుకోవాలి. అందుకే కొనే ముందు అటవీ శాఖ వాళ్లను అడగడం మంచిది.

ఇంకొక సంగతి. ఈ తాబేలు ఎప్పటికీ అరచేతిలో పట్టదు. ఆడ తాబేలు చిప్ప 10 నుంచి 12 అంగుళాల దాకా పెరుగుతుంది. అంటే అన్నం తినే పళ్లెమంత. బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. పదేళ్ల బిడ్డ కోసం కొంటే, ఆ బిడ్డ పెళ్లయి పోయిన తరువాత కూడా అది తల్లి దగ్గరే ఉంటుంది. తాబేలు ధర కంటే దాన్ని సాకే ఖర్చు చాలా ఎక్కువ. ఇదంతా ఆలోచించాకే కొనాలి. కొనకపోతే ఇంకా మంచిది.

ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం దాన్ని సరిగ్గా సాకాలి. అది ఎలాగో చూద్దాం.

తొట్టి ఎంత ఉండాలి?

చిన్న గాజు గిన్నె తాబేలుకు పనికిరాదు. అందులో అది తిరగలేదు. నీళ్లు గంటల్లోనే పాడవుతాయి.

లెక్క సులువే. తాబేలు చిప్ప పొడవు ఎన్ని అంగుళాలు ఉంటే, అంగుళానికి 40 లీటర్ల చొప్పున తొట్టి ఉండాలి. మూడు అంగుళాల తాబేలుకు 120 లీటర్లు. ఆరు అంగుళాలకు 240 లీటర్లు. గాజు తొట్టే కావాలని లేదు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు, సిమెంటు గోలెం కూడా పనికొస్తాయి. కొత్త సిమెంటు గోలెం అయితే చాలా రోజులు నీళ్లు నింపి, పారబోసి, సున్నపు ఘాటు పోయిన తరువాతే వాడాలి.

నీళ్లు మరీ తక్కువ పోయవద్దు. చిప్ప పొడవుకు ఒకటిన్నర రెట్లు లోతు ఉండాలి. అంతకంటే ఎక్కువున్నా మంచిదే. వెల్లకిలా పడితే తిరగబడడానికి నీళ్లు కావాలి. అడుగున చిన్న గులకరాళ్లు వేయవద్దు. తాబేలు వాటిని మింగుతుంది. పేగుల్లో అడ్డం పడితే చచ్చిపోతుంది.

పొడి చోటు, ఎండ

తాబేలు ఎప్పుడూ నీళ్లలోనే ఉండదు. బయటికి వచ్చి ఒళ్లు ఆరబెట్టుకోవాలి. లేకపోతే చిప్ప మెత్తబడి పాచి పడుతుంది. తొట్టిలో ఒక పక్క ఇటుకలు పేర్చి, పైన నున్నటి బండ పెట్టాలి. బండ నీళ్లకు పైన ఉండాలి. ఎక్కడానికి వాలుగా దారి ఉండాలి. బండ కదలకూడదు. రాళ్ల సందులో తాబేలు ఇరుక్కుంటే మునిగి చచ్చిపోతుంది. నీటిలో ఉన్నా అది పైకి వచ్చి గాలి పీల్చుకోవాల్సిందే.

చిప్ప గట్టిపడాలంటే ఎండ కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ చాలదు. చిప్పకు బలమిచ్చే కిరణాలను అద్దం ఆపేస్తుంది. రోజూ పొద్దున అరగంట సేపు లేత ఎండలో పెట్టాలి. వెడల్పాటి టబ్బులో కొంచెం నీళ్లు పోసి, సగం మీద గోనె పట్టా కప్పి నీడ చేయాలి. ఎండ ఎక్కువైతే అది నీడలోకి పోతుంది. అంతసేపూ ఒకరు దగ్గర ఉండాలి. గాజు తొట్టిని ఎండలో పెట్టవద్దు. నీళ్లు కాగి తాబేలు చచ్చిపోతుంది.

ఎండ పడని ఇంట్లో దీనికోసం వేరే లైట్లు పెడతారు. మామూలు బల్బు వేడి ఇస్తుంది కానీ ఆ కిరణాలు ఇవ్వదు. లైటు ఏదైనా నీళ్లలో పడకుండా గట్టిగా బిగించాలి. వైరు కిందికి వేలాడితే నీటి చుక్కలు దాని వెంబడి ప్లగ్గులోకి పోతాయి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి బంద్ చేయాలి. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దు.

తొట్టి ఎక్కడ పెట్టాలి?

రేకుల ఇల్లయితే ఎండాకాలం లోపల ఉడికిపోతుంది. చల్లగా, గాలి ఆడే చోట తొట్టి పెట్టాలి. చలికాలం రాత్రిళ్లు తలుపు దగ్గర, చల్లటి గచ్చు మీద ఉంచవద్దు. చెక్క బల్ల మీద పెట్టాలి. నీళ్లు నిండిన తొట్టి చాలా బరువు ఉంటుంది. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. బల్ల గట్టిగా ఉండాలి. నీళ్లు మరీ చల్లబడితే తాబేలు తిండి మానేస్తుంది.

తాబేలు మెల్లగా నడుస్తుంది కానీ గోడ ఎక్కి తప్పించుకోవడంలో గట్టిది. తొట్టి అంచు, ఎక్కే బండకు అడుగు ఎత్తున ఉండాలి. పైన ఇనుప జాలి మూత వేయాలి. పిల్లి, కుక్క, ఎలుక, కాకి, కోతి దేనికీ అందకుండా మూత గట్టిగా కట్టాలి. గాలి ఆడని మూత వేయవద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో ఆ మూత బిడ్డకు కూడా కాపలా. చిన్నబిడ్డ బొక్కెడు నీళ్లలో పడ్డా ప్రమాదమే.

నీళ్లు, తిండి

నల్లా నీళ్లలో మందు కలుపుతారు. ఆ నీళ్లను బకెట్లో పట్టి ఒకరోజు ఉంచి, తరువాత తొట్టిలో పోయాలి. వారానికి రెండుసార్లు సగం నీళ్లు మార్చాలి. వాసన వస్తే మొత్తం మార్చాలి. వేరే టబ్బులో పెట్టి తిండి వేస్తే తొట్టి తొందరగా పాడవదు.

చిన్న తాబేలుకు రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు తిండి వేయాలి. దుకాణంలో దొరికే గింజల మేత ఒక్కటే చాలదు. వానపాములు, చిన్న చేపలు, క్యారెట్ తురుము, గుమ్మడి తురుము, చెరువులో పెరిగే గుర్రపు డెక్క ఆకు తింటుంది. పాలకూర ఎక్కువ వేయవద్దు. అన్నం, రొట్టె, పాలు అసలు పెట్టవద్దు. చిలుకలకు పెట్టే సముద్రపు నురుగు ముక్క తొట్టిలో వేస్తే మంచిది. అందులో సున్నం ఉంటుంది. అది చిప్పకు బలం.

పిల్లల ఆరోగ్యం

ఇది చాలా ముఖ్యమైన సంగతి. తాబేలు ఒంటి మీద, దాని నీళ్లలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. తాబేలు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కానీ ఆ క్రిమి మనిషి కడుపులోకి పోతే విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి వస్తాయి. అయిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు ప్రమాదం ఎక్కువ.

అమెరికాలో పిల్లలు తాబేళ్లతో ఆడి జబ్బుపడ్డారు. అందుకే 1975లో అక్కడి ప్రభుత్వం నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్లను పెంపకానికి అమ్మకుండా ఆపింది. చిన్న తాబేళ్లను పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా!

తాబేలును, దాని నీళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. తొట్టిని వంట ఇంట్లో, అంట్లు తోమే చోట కడగవద్దు. మురికి నీళ్లు బోరింగు దగ్గర, సంపు దగ్గర పోయవద్దు. దూరంగా మోరీలో పోయాలి. తాబేలును ఇంట్లో తిరగనివ్వద్దు. పిల్లలు దాన్ని ముద్దు పెట్టుకోకుండా చూడాలి. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో తాబేలు లేకపోవడమే మేలు. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూ దవాఖానకు తీసుకుపోవాలి. ఇంట్లో తాబేలు ఉందని డాక్టరుకు చెప్పాలి.

తాబేలుకు కూడా జబ్బులు వస్తాయి. కళ్లు ఉబ్బి మూసుకుపోవడం, చిప్ప మెత్తబడడం, ముక్కులో బుడగలు రావడం, నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలడం జబ్బు గుర్తులు. అప్పుడు పశువుల డాక్టరుకు చూపించాలి.

చెరువులో వదలవద్దు

తాబేలు పెద్దదవుతుంది. నీళ్లు మార్చి మార్చి విసుగు పుడుతుంది. "పాపం, చెరువులో వదిలేద్దాం. పుణ్యం వస్తుంది" అనిపిస్తుంది. అలా చేయవద్దు. అది పుణ్యం కాదు.

ఎర్ర చెవి తాబేలు గట్టి జీవి. చెరువులో పడితే మన తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే చోటు లాక్కుంటుంది. దాని రోగాలు మన తాబేళ్లకు అంటుకుంటాయి. ప్రపంచంలో పరాయి చోట చేరి ఎక్కువ కీడు చేసే 100 జీవుల జాబితాలో దీని పేరు ఉంది. యూరప్ దేశాలు 1997లోనే దీన్ని తెప్పించుకోవడం ఆపాయి. 2018లో అస్సాంలోని గౌహతిలో ఒక గుడి కోనేట్లో ఈ తాబేలు కనిపించింది. కేరళ నీళ్లలో కూడా దొరికింది. ఎవరో పెంచలేక వదిలినవే అవి.

మెదక్ చుట్టూ చెరువులున్నాయి. పక్కనే మంజీర పారుతుంది. దగ్గర్లో పోచారం అభయారణ్యం ఉంది. ఒక కుంటలో వదిలిన తాబేలు వరద వస్తే ఇంకో చెరువుకు చేరుతుంది. ఒకసారి చేరితే ఏరివేయడం ఎవరి వల్లా కాదు. పెంచలేకపోతే, బాగా చూసుకునేవాళ్లకు ఇవ్వాలి. లేదంటే కొన్న దుకాణంలో అడగాలి. ఏదీ కుదరకపోతే అటవీ శాఖ వాళ్లను అడగాలి. అంతవరకు దాన్ని తొట్టిలోనే ఉంచాలి.

గుర్తు పెట్టుకోండి

చెరువు తాబేలును ఇంటికి తేవద్దు.
ఇంటి తాబేలును చెరువులో వదలవద్దు.
తాబేలును ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి.
పొడి చోటు, ఎండ, శుభ్రమైన నీళ్లు, గట్టి మూత – ఈ నాలుగూ ఉంటేనే అది తాబేలుకు ఇల్లు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి చెరువులో తాబేళ్లు ఉన్నాయా? వాటిని ఎవరైనా పడుతున్నారా?
2. ఆరు అంగుళాల తాబేలుకు ఎన్ని బిందెల నీళ్లు కావాలి? మీ ఇంటి బిందెతో లెక్క వేయండి.
3. పిల్లలు తాబేలు కావాలని ఏడిస్తే వాళ్లకు ఏమని చెబుతారు?