పాత స్పోర్ట్స్ కారులో పెద్ద ఇంజిన్ పెడితే ఏమవుతుంది? ఎంజీబీ కథ

పాత కారు ఒకటి దొరికితే చాలు, అందులో పెద్ద ఇంజిన్ దించేద్దాం అనే ఆలోచన మనలో చాలామందికి వస్తుంది. "ఇంజిన్ మారిస్తే స్పీడ్ అదే వస్తుంది కదా అన్నా" అంటారు. స్పీడ్ వస్తుంది, అందులో డౌట్ లేదు. మరి ఆ స్పీడ్‌లో కారు మలుపు తిరగాలి, ఆగాలి కదా? ఈ రోజు ఒకే కారులో రెండు పెద్ద ఇంజిన్లు పెట్టిన కథ చెప్తాను. ఒకటి దెబ్బతింది, ఒకటి బాగా కుదిరింది. ఎందుకో చూద్దాం.

మన రోడ్ల మీద ఎంజీ హెక్టర్ చూస్తుంటారు కదా. ఆ ఎంజీ పేరు అసలు ఇంగ్లండ్‌ది. అక్కడ ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962లో ఎంజీబీ అనే చిన్న స్పోర్ట్స్ కారు తయారీ మొదలైంది. నాలుగు సిలిండర్లు, 1798 సీసీ, పోత ఇనుము ఇంజిన్. పవర్ సుమారు 95 హార్స్‌పవర్. నడపడానికి హాయిగా ఉండేది, కానీ ఇంకాస్త పవర్ ఉంటే బాగుండు అని జనానికి అనిపించింది.

కంపెనీ 1967లో ఎంజీసీ అని ఇంకో కారు తెచ్చింది. అదే బాడీలో ఆరు సిలిండర్ల 2912 సీసీ ఇంజిన్. పవర్ సుమారు 145కి పెరిగింది. చిక్కు ఏంటంటే, ఈ ఇంజిన్ పొడవు ఎక్కువ, బరువు కూడా పాతదానికంటే 90 కిలోల పైనే ఎక్కువ. ఆ బరువంతా ముందు చక్రాల మీద పడింది. ఇంజిన్ పట్టడానికి బానెట్ మీద ఉబ్బు పెట్టారు, ముందు సస్పెన్షన్ మార్చారు. అయినా మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు సరిగ్గా తిరగకుండా ముందుకే లాగేది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. కారు టెస్ట్ చేసినవాళ్లు ఇదే తప్పు పట్టారు. 1969లోనే తయారీ ఆపేశారు.

ఇప్పుడు రెండో ప్రయత్నం. కెన్ కాస్టెల్లో అనే బ్రిటిష్ రేసర్ 1970ల మొదట్లో ఎంజీబీలో రోవర్ కంపెనీ వి8 ఇంజిన్ పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. ఎనిమిది సిలిండర్లు, 3528 సీసీ, అంటే పాతదానికి దాదాపు రెట్టింపు. మరి బరువు? దాదాపు పాత ఇంజిన్ అంతే! ఎందుకంటే దీని బ్లాక్ అల్యూమినియం. అమెరికాలో బ్యూయిక్ కార్ల కోసం పుట్టిన డిజైన్‌ను రోవర్ కొనుక్కుంది. పైగా వి ఆకారం కాబట్టి పొడవు తక్కువ. బరువు ముందుకు పోకుండా లోపలికి కూర్చుంది.

ఇది చూసి ఎంజీ వాళ్లే 1973లో ఎంజీబీ జీటీ వి8 తెచ్చారు. 137 హార్స్‌పవర్, టాప్ స్పీడ్ గంటకు సుమారు 200 కిలోమీటర్లు. పవర్ ఎంజీసీ కంటే తక్కువే, గమనించారా? అయినా నడపడానికి ఇదే మెరుగు. 1976లో ఆపేసే లోపు 2,591 కార్లు చేశారు.

మరి ఫ్యాక్టరీ వాళ్లు ఇంజిన్ ఒక్కటే మార్చారా? లేదు. వేడి ఎక్కువ కాబట్టి రేడియేటర్ ముందుకు జరిపి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టారు. ముందు బ్రేక్ డిస్కులు మందంగా చేశారు. గట్టి చక్రాలు వేశారు. వెనక యాక్సిల్‌లో గేర్ రేషియో కూడా మార్చారు. పాత కారులో చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ దాదాపు 3.9 సార్లు తిరగాలి, వి8లో 3.07 సార్లు చాలు. ఇంజిన్‌కి లాగే బలం ఎక్కువ కాబట్టి హైవే మీద అరవకుండా నింపాదిగా పోతుంది.

బ్రేకుల సంగతి ఎందుకు అంత ముఖ్యమో చిన్న లెక్క చూడండి. 70 స్పీడ్‌లో ఉన్న కారుకంటే 100లో ఉన్న అదే కారుని ఆపడానికి బ్రేకులు దాదాపు రెండింతల శక్తిని మింగాలి. స్పీడ్ పెరిగింది ఒకటిన్నర రెట్లు కూడా కాదు, బ్రేకుల మీద భారం మాత్రం డబుల్. పాత బ్రేకులతోనే పెద్ద ఇంజిన్ నడిపితే ఎవరి ప్రాణానికి ముప్పో వేరే చెప్పాలా? మీకే కాదు, ఎదురొచ్చేవాళ్లకి కూడా.

జాగా సంగతి కూడా ఉంది. 1964లో వచ్చిన సన్‌బీమ్ టైగర్‌లో ఫోర్డ్ వి8ని ఎంత ఇరుకుగా కుక్కారంటే, ఒక స్పార్క్ ప్లగ్ తీయాలంటే కారు లోపల కాళ్లు పెట్టుకునే చోట ఉన్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టాలి! పట్టించడం ఒక ఎత్తు, తర్వాత రిపేరు చేసుకోవడం ఇంకో ఎత్తు.

మరి మన దగ్గర చేయొచ్చా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకీ ఆర్సీ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ వేయించాలన్నా ముందు ఆర్టీవో ఆఫీసు అనుమతి కావాలి. అది లేకుండా మార్చేస్తే యాక్సిడెంట్ రోజున ఇన్సూరెన్స్ డబ్బు కూడా రాకపోవచ్చు.

కాబట్టి ఎవరైనా "పెద్ద ఇంజిన్ పెట్టాను" అని వీడియో చూపిస్తే ఎన్ని హార్స్‌పవర్ అని తర్వాత అడగండి. ముందు దాని బరువెంత, బ్రేకులు ఏం మార్చావు అని అడగండి. జవాబు రాకపోతే ఆ కారు ఎక్కకండి.