క్రిస్మస్ తాతను గూడెపు పిల్లలు అడిగినవి

భద్రాచలము నుండి గోదావరి వెంబడి ఎగువకు ప్రయాణించి, దుమ్ముగూడెము దాటిన పిమ్మట అడవిలోనికి చీలిన మట్టిబాటను పట్టి కొంతదూరము నడిచినచో ఎదురగు ఒకానొక గూడెములో, రేకుల కప్పు గల చిన్న ప్రార్థనాలయము ముందట, డిసెంబరు నెల మూడవ ఆదివారమునాడు, సండే స్కూలు పిల్లలను చాపలపై వరుసలుగా కూర్చుండబెట్టి, "క్రిస్మస్ తాత వచ్చి ఏం కావాలని అడిగితే మీరేం అడుగుతరు?" అని టీచరమ్మ ప్రశ్నింపగా, మూడవ వరుసలో అంతవరకు గడ్డిపోచ కొరుకుచు కూర్చున్న ఆరేండ్ల బాలిక లేచి నిలిచి, రవ్వంతయైనను తడబడక, "మా ఎర్ర పెట్టను మళ్ళ ఇయ్యమంట" అనెను.

పిల్లలందరును గొల్లున నవ్విరి. "ఏ పెట్టనే?" అని టీచరమ్మ అడిగినది. "మొన్న కోత పండుగకు మా అమ్మ చర్చిల ఇచ్చింది గదా, ఆ పెట్ట. అది మాది" అని బాలిక తేల్చి చెప్పి, తన పని ముగిసినట్లు మరల చాపపై చతికిలబడినది. ఆ పెట్టను వేలములో పాడుకొన్న పెద్దమనిషి ఇంట అది ఆ రాత్రియే కూరయై పోయిన సంగతి అచ్చటి పెద్దలందరికిని తెలియును. ఆ పిల్లకు మాత్రము తెలియదు. టీచరమ్మ మోము చిన్నబోయినది. నవ్వుచున్న పెద్దలు కూడ కొంతసేపటికి నవ్వు మాని ఒకరి మొగమొకరు చూచుకొనిరి.

ఈ సీమ సంగతులు ఎరుగనివారికి కోడిపెట్టకును క్రిస్మసునకును గల సంబంధము బోధపడదు. గోదావరిపై పడవల రాకపోకలకు అనువుగా దుమ్ముగూడెము వద్ద పనులు జరిపించుచుండిన ఆంగ్లేయ ఇంజనీరు హేగు 1860 ప్రాంతమున కోయవారి నడుమ క్రైస్తవ మిషనుకు పునాది వేసెను. తరువాతి కాలమున అచ్చటనే చిరకాలము నివసించిన జాన్ కెయిన్ అను మిషనరీ, కోయల ఆచారములను గూర్చి 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్యాసములు వ్రాసి విద్వాంసులకు పరిచితుడయ్యెను. ఖమ్మమునకు ఉత్తరముగా రైలుమార్గముపై నున్న డోర్నకల్లునందు, భారతీయులలో ప్రప్రథమ ఆంగ్లికను బిషప్పుగా 1912 డిసెంబరు 29న, అనగా క్రిస్మసు గడచిన నాలుగవ దినమున, కలకత్తాలో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తన పీఠమును నెలకొల్పి, 1945 జనవరి 1న కన్నుమూయువరకు గ్రామసంఘములను పెంచి పోషించెను. ఆయన సంఘములలో పైకము లేని పేద కుటుంబములు ఇచ్చిన కానుకలే ఆ మహాకార్యమునకు ఊతములు: నిత్యము అన్నము వండబోవునపుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యము తీసి వేరొక కుండలో వేయుట, పంట ఇంటికి వచ్చినపుడు ధాన్యము, గుమ్మడికాయలు, కోడిగ్రుడ్లు, కాళ్ళు కట్టిన కోడిపెట్టలు తెచ్చి అర్పించుట అచ్చట అలవాటుగా స్థిరపడినది. వచ్చిన వస్తువులను వేలము వేసి, ఆ సొమ్మును సంఘము పనులకు వినియోగింతురు.

కావున ఈ అడవి అంచున పుట్టిన శిశువునకు దేవుని ఇల్లు మొదట ఇచ్చుచోటుగానే పరిచయమగును. పుచ్చుకొనుట అనునది, ఎర్ర అంగీ తొడిగిన తాతతో కలసి, చాల తరువాత వచ్చినది. పాఠ్యపుస్తకములలోని బొమ్మలు, సినిమాలు, టీవీలు ఆ తాతను తెచ్చి గూడెములలో దింపినవి. తెలుగునాట ఆయనను శాంతాక్లాజు అని పిలుచువారు తక్కువ; క్రిస్మస్ తాత అనుటయే పరిపాటి. ఆ పిలుపుతోనే ఆయన మన ఇంటి పెద్దలలో ఒకడైపోయినాడు. తాతను అడుగుటకు మొగమాటమెందులకు?

ఈ తాత పొగగొట్టము గుండ దిగువాడు కాడు, ఇచ్చట ఇండ్లకు పొగగొట్టములే లేవు. కేరల్స్ బృందముతో కలసి, డోలు మ్రోగుచుండగా, నక్షత్రము వ్రేలాడు వెదురుగడ ముందు సాగుచుండగా, అర్ధరాత్రివేళ నాట్యమాడుచు వచ్చును. మొగమునకు అట్టముసుగు, దూదిగడ్డము, భుజమున చాక్లెట్ల సంచి, నోట మాటలేని చేతిసైగలు. ఒకమారు నాలుగేండ్ల బాలుడొకడు తాత మొగమువంక చూడనే చూడక, లాంతరు వెలుగులో ఆయన పాదములనే తేరిపార చూచి, "మా చిన్నాయన చెప్పులు తొడుక్కున్నడు" అని తల్లి చెవిలో చెప్పెను. చెప్పి, చాక్లెట్టు చేతికందువరకు ఆ రహస్యమును ఇంకెవ్వరికిని బయటపెట్టలేదు. 1897లో అమెరికాలో వర్జీనియా ఓహాన్లన్ అను ఎనిమిదేండ్ల బాలిక 'న్యూయార్క్ సన్' పత్రికకు జాబు వ్రాసి, ఆ తాత ఉన్నాడా లేడా నిజము చెప్పుమని అడిగినది. ఆ ప్రశ్నకు ఆ పత్రిక వ్రాసిన సంపాదకీయము లోకప్రసిద్ధమైనది. మన గూడెపు బాలుడు పత్రికలవరకు పోవలసిన అవసరము లేకయే చెప్పులను చూచి తేల్చుకొనినాడు.

ఎర్ర పెట్ట సంగతి జరిగిన పిమ్మట, ఆ ప్రాంతములకు పోయినప్పుడెల్ల పిల్లలు అడిగినవానిని వారి మాటలలోనే ఒక పుస్తకములో వ్రాసికొనుట నాకు అలవాటైనది. వానిలో బొమ్మలు, బంతులు, సైకిళ్ళు ఉన్నవి. సెల్లుఫోను అడిగినవారును కొల్లలు. అవి ఏ ఊరి పిల్లలైనను అడుగునవే గనుక వాని నటుంచెదను. నన్ను నిలిపి ఆలోచింపజేసినవి వేరు.

ఒక బాలుడు, "ఎలుగును వేరే అడవికి పంపియ్యమంట" అనెను. ఫాల్గుణ చైత్రములలో ఇప్పచెట్లు పూలు రాల్చు కాలమున, తెల్లవారకమునుపే తల్లులు బుట్టలు పట్టుకొని పూలేరబోవుదురు; ఆ తీయని పూవునకై ఎలుగుబంటియు అదే చెట్టుక్రిందికి, అదే వేళకు వచ్చును. వానికది కథలోని జంతువు కాదు, తన తల్లి తిరిగి వచ్చువరకు నిద్ర పట్టనీయని సత్యము. టీచరమ్మ వానిని మళ్ళింపబోయి, "బంతి అడుగరా, ఆడుకోవచ్చు" అనగా, వాడు విస్తుపోయి, "బంతి ఉంటే ఎలుగు పోతదా?" అనెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఆ సభలో ఒక్కరును లేకపోయిరి. ఆ ఎలుగునకు చెడుపు తలపెట్టకుండుట, చంపుమనక పంపివేయుమనుట, ఆ కోరికలో నన్ను మిక్కిలి ఆకర్షించిన అంశము.

మరియొకడు తన ఇంటి తాతతోపాటు కొత్తగూడెమునకు పోయి, స్టేషను బోర్డుమీద 'భద్రాచలం రోడ్' అని చదివి వచ్చినవాడు. ఆ స్టేషను భద్రాచలమునకు సుమారు నలుబది కిలోమీటర్ల దూరమున, గోదావరికి ఆవలిదిక్కున ఉన్నది. డోర్నకల్లు జంక్షనునందు ప్రధానమార్గము నుండి చీలి బొగ్గుగనుల సీమకు వచ్చిన ఆ శాఖారేఖ భద్రాచలమువరకు రాలేదు. రామదర్శనమునకు వచ్చు యాత్రికులు అచ్చట దిగి బస్సెక్కవలసినదే. "బోర్డు మీద మా ఊరి పేరుంది, రైలు మా ఊరికి రాదు. పేరు పెట్టినోళ్ళు బండిని మరిచిపోయిన్రు. తాతనే తీసుకరమ్మంట" అని వాని అభియోగము. పెద్దలు ఎన్ని వినతిపత్రములలో వ్రాసినను ఇంత సూటిగా వ్రాయలేరు.

ఒక బాలిక తాతకు బండిని కూడ తానే ఏర్పాటు చేసినది. 2023లో ముక్కోటి ఏకాదశి డిసెంబరు 23న వచ్చినది. దానికి ముందునాటి సాయంకాలము భద్రాచలమున గోదావరిలో సీతారాములకు హంసవాహనముపై తెప్పోత్సవము జరుగుట సంప్రదాయము. దీపములతో వెలుగుచు నీటిపై కదలిన ఆ హంసను చూచివచ్చిన ఆ పిల్ల, రెండు దినముల పిమ్మట క్రిస్మస్ తాతకు ఒక సలహా చెప్పినది: "ఈడ మంచు లేదు, నీ బండి నడవదు. రాములోరి హంసను అడుక్కొని దాని మీద రా." ఇద్దరు దేవుళ్ళ నడుమ సరిహద్దు ఏదియు ఆ పిల్ల మనస్సులో లేదు, ఉన్నది ఒక్క నది మాత్రమే.

ఇతర దేశముల పిల్లల కోరికలు విన్నపుడు పిల్లలందరి మనస్సులకును గల బంధుత్వము స్పష్టమగును. 1944లో న్యూయార్కు రాష్ట్రమునందలి స్మిత్‌టౌన్ అను ఊరిలో డొనాల్డ్ గార్డ్‌నర్ అను సంగీతోపాధ్యాయుడు రెండవ తరగతి పిల్లలను క్రిస్మసునకు ఏమి కావలెనని అడుగగా, వారిలో అనేకులు ముందుపళ్ళు ఊడిన బోసినోళ్ళతో నత్తి నత్తిగా జవాబు చెప్పిరట. ఆయన దానినుండి, తనకు రెండు ముందుపళ్ళు మాత్రమే చాలునని శిశువు వేడుకొను పాటను అల్లెను, అది దేశమంతట మారుమ్రోగినది. మన పిల్లలకు ఈ విషయమున తాతతో పని లేదు. ఊడిన పంటిని పేడముద్దలో పెట్టి ఇంటికప్పుపైకి విసరినచో క్రొత్తది వచ్చునని నానమ్మ చెప్పియే యున్నది. ఆ నానమ్మ నోటిలో మాత్రము పళ్ళు లేవు. కనుకనే ఒక బాలుడు, "మా నానమ్మకు పళ్ళు తెమ్మంట, మక్కగారెలు తినలేకపోతంది" అని కోరినాడు. కప్పుపైకి విసరుటకు ఆమెవద్ద ఇక పన్ను మిగులలేదని కూడ వాడు కారణము చూపినాడు.

1953లో ఓక్లహోమా నగరమునకు చెందిన గేలా పీవీ అను పదేండ్ల బాలిక, క్రిస్మసునకు తనకొక నీటిగుర్రము కావలెనని పాట పాడినది. జనులు నవ్వి ఊరకుండలేదు. ఆ ఊరి పిల్లలు చిల్లర డబ్బులు ప్రోగుచేసిరి, నిజముగనే మాటిల్డా అను నీటిగుర్రపు పిల్ల ఆ బాలికకు కానుకగా వచ్చి చేరినది. ఆమె దానిని నగరమునందలి జంతుప్రదర్శనశాలకు అర్పించినది. హాలెండులో డిసెంబరు నెలారంభమున పిల్లలు బూట్లలో క్యారెట్టు దుంపలు ఉంచుట, తమకు కానుకలు తెచ్చు సెయింట్ నికొలస్ గుర్రము ఆకలితో ఉండునను చింతచేతనే. శిశువు ఎచ్చటనున్నను పశువును మరచిపోడు.

అసలు తొలి క్రిస్మసు కానుకలే ఎంత వింతయైనవో యోచింపుడు. పశువుల తొట్టిలో పరుండబెట్టబడిన పసికందునకు జ్ఞానులు తెచ్చినవి బంగారము, సాంబ్రాణి, బోళము. గూడెములో ఈ కథ చెప్పినపుడు, పాలిచ్చు మేకను ఒక్కరైనను ఏల తేలేదని అడిగిన పిల్ల ఉన్నది. జ్ఞానుల రాకను స్మరించు పండుగ ఎపిఫనీ. డోర్నకల్లు దేవాలయమునకు ఆ పేరే పెట్టి, ఆ పండుగదినమైన 1939 జనవరి 6ననే ప్రతిష్ఠించిరి. గుడి గోపురముల పోలికలను, మసీదు గుమ్మటముల పోలికలను తనలో కలుపుకొన్న ఆ కట్టడము, పిడికెడు బియ్యముల వంటి కానుకలతో పెరిగిన సంఘముల మధ్యనే లేచినది. మేక సంగతి అడిగిన ఆ పిల్ల ప్రశ్న అచ్చట అడుగదగినదే.

ఈ కోరికలు మనకు నవ్వు పుట్టించుటకు కారణము, పిల్లలు వస్తువుల వెల ఎరుగకపోవుట. అంగడిలో దొరకునది, దొరకనిది అను భేదము వారికి ఇంకను ఏర్పడలేదు. తండ్రిని అడుగవలసివచ్చినపుడు పత్తి అమ్మిన సొమ్మెంత, మిరపతోట కూలి ఎంత అనునది ఐదేండ్ల పిల్లకుకూడ కొంత తెలియును. అందుచేత తండ్రివద్ద ఒక గౌనుతో సరిపెట్టుకొనును. క్రిస్మస్ తాతకు బీదరికము లేదు. కనుక ఆయన ఎదుట మాత్రమే పిల్లలు లోపల దాచుకొన్నది దాచుకొన్నట్లు బయటపెట్టుదురు. అది తరచుగా తమకై గాక, తల్లికై, నానమ్మకై, కోడికై, ఊరికై యుండును. పేదయింటి పిల్లల కోరికల జాబితా వంటి నిక్కమైన వర్తమానము ఆ ఇంటినిగూర్చి మరి యెచ్చటను లభింపదని నేను నమ్ముచున్నాను.

కావున సండే స్కూలు టీచరమ్మలకును, ఇంటివద్ద తల్లిదండ్రులకును నా మనవి ఒక్కటి. ఈ డిసెంబరులో పిల్లలను ఈ ప్రశ్న అడుగుడు; అడిగి, "అది కాదు, బొమ్మ అడుగు" అని సవరింపకుడు. వారు పలికినది పలికినట్లుగా కాగితముపై వ్రాసి, క్రింద తేదీ వేసి, పెట్టెలో భద్రపరచుడు. ఇరువదేండ్ల తరువాత ఆ కాగితము వారి చేతికిచ్చినచో, దానికి సాటియగు కానుక ఇంకొకటి ఉండదు.

ఎర్ర పెట్ట మాట మిగిలినది. ఆ క్రిస్మసు ఉదయమున ఆరాధన ముగిసిన పిమ్మట, పాస్టరమ్మగారు తమ గంపక్రింది కోడిపిల్లలలో ఒకదానిని తీసి ఆ బాలిక ఒడిలో పెట్టిరి. పిల్ల దానిని వెనుకకు ముందుకు త్రిప్పి చూచి, "ఇది ఎర్రది కాదమ్మగారూ" అనెను. అని, దానిని గుండెకు హత్తుకొని ఇంటికి పరుగెత్తెను. మరుసటి ఏటి కోత పండుగనాటికి అది గ్రుడ్లు పెట్టు పెట్టయైనది. ఆ బాలిక పది గ్రుడ్లు కొంగున కట్టి తెచ్చి, అందరికంటె ముందుగా కానుకల బల్లపై ఉంచినది. పెట్టను మాత్రము ఇంటివద్దనే కట్టివేసి వచ్చినది.