మిస్ కొడుతున్న ట్రక్కు ఇంజనులో ఆక్సిజన్ సెన్సరు: లోప నిర్ధారణ, మార్పిడి

కడప జిల్లాలో పులివెందుల ప్రాంతపు అరటి గెలలు, చీనీ కాయలు, జమ్మలమడుగు నల్లరేగడి చేలలో పండిన శనగలు తోటల నుండి, కళ్ళాల నుండి కదిలేది చాలావరకు చిన్న సరుకు ట్రక్కుల మీదనే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఈ సీమలో, కోసిన గెలలతో పులివెందుల నుండి ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరు రావలసిన ట్రక్కు దారిలో మిస్ కొడుతూ ఆగిపోతే నష్టం బండి యజమానితో ఆగదు. గెలలు ఎండకు వడలుతాయి, ఆనాటి బేరం తప్పిపోతుంది. కోత అనంతర నష్టాలను గురించిన పాఠాలలో గిడ్డంగులకు, శీతల గదులకు దక్కిన చోటు ఇంజనుకు దక్కలేదు. క్షేత్రస్థాయిలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు మాత్రం ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది.

ఇటువంటి బండికి స్కానరు తగిలించినప్పుడు మిస్‌ఫైర్‌ను తెలిపే పి 0300 వరుస కోడ్‌లతో పాటు, మిశ్రమం పలుచబడిందని చెప్పే పి 0171 కోడ్ కూడా తరచుగా కనిపిస్తుంది. మిశ్రమాన్ని గురించి చెప్పేది ఆక్సిజన్ సెన్సరే కనుక దానినే దోషిగా ఎంచి మార్చివేయడం పరిపాటి అయింది. ఇది తొందరపాటు. చీనీ తోటలో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పాలిపోయినప్పుడు వ్యవసాయ విద్యార్థి ఆకును తప్పుపట్టడు. నేలలో సున్నం ఎక్కువై, ఉన్న ఇనుము కూడా వేరుకు అందడం లేదని గ్రహిస్తాడు. పొగగొట్టంలోని సెన్సరు కూడా అటువంటి ఆకే. అది చెప్పేది నిజమా కాదా అని పరీక్షించిన తరువాతనే దానిని మార్చే మాట.

పెట్రోలు, సీఎన్‌జీ ట్రక్కులలో ఎక్కువగా వాడే సెన్సరులో ఒక వైపు మూసిన జిర్కోనియా పింగాణీ గొట్టం, దానికి లోపలా వెలుపలా ప్లాటినం పూత ఉంటాయి. లోపలి పొరకు బయటి గాలి, వెలుపలి పొరకు పొగ తగులుతాయి. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. రెండు వైపులా ఆక్సిజన్ గాఢతలో ఉన్న తేడాను బట్టి పింగాణీలో వోల్టేజి పుడుతుంది. 1920లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన వాల్టర్ నెర్న్‌స్ట్ పేరిట ఉన్న సమీకరణమే దీనికి ఆధారం. మొక్క వేళ్ళలో అయాన్ల కదలికను బోధించేటప్పుడు చెప్పే సమీకరణం కూడా అదే. మిశ్రమం చిక్కగా ఉంటే సుమారు 0.9 వోల్టులు, పలుచగా ఉంటే సుమారు 0.1 వోల్టు వస్తుంది. పింగాణీ 300 డిగ్రీలకు పైగా వేడెక్కితేగాని పనిచేయదు కనుక లోపల ఒక హీటరును అమర్చుతారు. బాష్ సంస్థ తయారుచేసిన ఈ సెన్సరు 1976లో వోల్వో కార్లలో తొలిసారిగా వాడుకలోకి వచ్చింది.

చిక్కు ఇక్కడే ఉన్నది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టకపోతే ఆ సిలిండరులోకి వచ్చిన గాలి, ఇంధనం రెండూ కాలకుండానే బయటికి పోతాయి. సెన్సరు ఇంధనాన్ని కొలవదు. మిగిలిన ఆక్సిజన్‌ను మాత్రమే చూస్తుంది. ఆక్సిజన్ ఎక్కువగా కనిపించగానే మిశ్రమం పలుచన అని తెలియజేస్తుంది. దానిని నమ్మిన ఇంజన్ కంప్యూటరు ఇంధనాన్ని ఇంకా పెంచుతుంది. రెండే సిలిండర్లున్న చిన్న ట్రక్కులో ఒకటి మిస్ అయితే పొగలో సగం కాలని గాలే కనుక ఈ పొరపాటు మరీ పెద్దదవుతుంది. కాలని ఇంధనం కెటలిటిక్ కన్వర్టరులో మండి, ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటవచ్చు. లోపలి తేనెపట్టు కరిగిపోవచ్చు. ఆ స్థితిలో ఉన్న బండిని ఎండు శనగ పొట్టు మీద గాని, వరిగడ్డి మీద గాని నిలపడం కళ్ళానికి నిప్పు పెట్టడమే.

సెన్సరే నిజంగా చెడి మిస్‌కు కారణమయ్యే సందర్భాలు లేకపోలేదు. అది ఎప్పుడూ తక్కువ వోల్టేజినే చూపుతుంటే కంప్యూటరు ఇంధనాన్ని అదేపనిగా పెంచుతుంది. ప్లగ్గులు మసిబారి నిప్పురవ్వ నశిస్తుంది. ఎప్పుడూ ఎక్కువ చూపితే మిశ్రమం పలుచబడి సరిగా అంటుకోదు. అయితే ఒక సెన్సరు అన్ని సిలిండర్లకూ ఉమ్మడిది. కనుక ఒక్క సిలిండరే మిస్ అవుతున్నదని పి 0301 వంటి కోడ్ చెబుతుంటే సెన్సరును వదలి ఆ సిలిండరు ప్లగ్గు, కాయిల్, ఇంజక్టరు, కంప్రెషన్ చూడాలి. కాయిల్స్ వేరువేరుగా ఉన్న ఇంజనులో రెండింటి స్థానాలు మార్చి చూస్తే, కోడ్ రెండవ సిలిండరుకు తరలినపుడు దోషం కాయిల్‌దేనని పైసా ఖర్చు లేకుండా తేలుతుంది.

డీజిలు ట్రక్కులకు ఈ వివరణ వర్తించదు. డీజిలు ఇంజను సహజంగానే అధిక గాలితో నడుస్తుంది. అందులో మిస్‌కు ఇంజక్టర్లు, ఇంధన ఫిల్టరు, ఇంధనంలో చేరిన గాలి, కంప్రెషన్ ముందుగా చూడవలసినవి. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిలు బండ్లలో నైట్రోజన్ ఆక్సైడ్ల సెన్సర్లు ఉంటాయి. వాటి పరీక్ష వేరు.

సెన్సరును పరీక్షించే ముందు దాని చుట్టుపక్కల చూడాలి. సెన్సరుకు ముందున్న పొగగొట్టం అతుకులో చీలిక ఉంటే బయటి గాలి లోపలికి చొరబడి, పలుచన అనే తప్పుడు సంకేతమే వస్తుంది. సున్నపురాయి గనుల దారులలో తిరిగే బండి గాలి ఫిల్టరు, గొట్టాల బిగింపు చూడాలి. వేరుశనగ, శనగ నిల్వల పక్కన రాత్రంతా నిలిపిన బండ్ల వైర్లను ఎలుకలు కొరికివేయడం కూడా చిన్న కారణమేమీ కాదు.

తరువాత ఇంజనును బాగా వేడెక్కించి, సుమారు 2500 చుట్ల వేగంతో రెండు నిమిషాలు నడిపి, స్కానరులో సెన్సరు వోల్టేజిని గమనించాలి. మంచి సెన్సరు 0.1, 0.9 వోల్టుల మధ్య చురుకుగా ఊగుతుంది. 0.45 దగ్గర కదలకుండా నిలిస్తే వైరు తెగిందనో, హీటరు పనిచేయడం లేదనో అనుమానించాలి. పి 0135 కోడ్ హీటరు సర్క్యూట్‌కు సంబంధించినది. ఫ్యూజు, విద్యుత్ సరఫరా సరిచూసి, హీటరు నిరోధాన్ని కంపెనీ మాన్యువల్ విలువతో పోల్చాలి. సెన్సరు కనెక్టరును తీసి నడిపినప్పుడు కంప్యూటరు ముందే నిల్వ ఉన్న లెక్కలతో ఇంధనం ఇస్తుంది. అప్పుడు మిస్ పోతే అనుమానం సెన్సరు వైపు మొగ్గుతుంది, పోకపోతే వేరే చోట వెదకాలి. వైడ్‌బ్యాండ్ రకం సెన్సర్లకు ఈ వోల్టేజి విలువలు వర్తించవు.

మార్చక తప్పదని తేలినపుడు కూడా పని జాగ్రత్తతో కూడినదే. ఇంజను గోరువెచ్చగా ఉండగా తుప్పు వదిలించే నూనె వేసి, కొంతసేపు ఆగి, పక్కన చీలిక ఉన్న సెన్సరు సాకెట్‌తో విప్పాలి. బలవంతం చేస్తే మరలు చెడతాయి. కొత్తదాని మరలకు తయారీదారు పూత సాధారణంగా ఉంటుంది. కొనకు నూనె గాని, గ్రీజు గాని తగలరాదు. సిలికాన్ జిగురు వాడరాదు. దాని ఆవిరి సెన్సరును విషపూరితం చేస్తుంది. పలు రకాలలో లోపలి గాలి వైరు తొడుగుల గుండా చేరుతుంది కనుక వైర్లను టంకం వేసి అతకరాదు. కింద పడిన సెన్సరును, పైకి బాగానే కనిపించినా, వాడరాదు. లోపలి పింగాణీ పగిలి ఉండవచ్చు.

విప్పిన పాత సెన్సరును వెంటనే పారవేయకుండా కొనను పరిశీలించాలి. నల్లని పొడి మసి చిక్కని మిశ్రమానికి, జిడ్డు నలుపు ఇంజను ఆయిలు కాలడానికి, తెల్లని పొర సిలికాన్‌కు లేదా సిలిండరులోకి చేరిన కూలెంట్‌కు గుర్తు. ఆ కారణం అలాగే ఉంటే కొత్త సెన్సరు కూడా కొద్ది నెలలలో అదే స్థితికి చేరుతుంది. చివరగా కోడ్‌లను తుడిచివేసి, బండిని సరుకుతో, ఎగుడు దారిలో నడిపి, ఇంధన సవరణ శాతం సున్నాకు దగ్గరగా తిరిగి వచ్చినదో లేదో చూసిన మీదటనే తోటకు పంపాలి. ఖాళీ బండి చూపని మిస్ గెలల బరువు కింద బయటపడుతుంది.