వార్తల్లో పదం: అంతర్గత ఆడిట్

బయటి ఆడిటర్ ఏడాది లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో తేలుస్తారు. అంతర్గత ఆడిటర్ చూపు సంస్థ పనితీరు మీద: కొనుగోలుకు ఆమోదం ఇచ్చినవారే డబ్బూ చెల్లిస్తున్నారా? గోదాములోని సరుకు కంప్యూటర్‌లోని అంకెతో సరిపోతోందా? ఒకప్పుడు కొన్ని బిల్లులే తీసి చూసేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో లావాదేవీలన్నిటినీ జల్లెడ పట్టొచ్చు. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్తే దొరికిపోతుంది. సరఫరాదారును మార్చాలా, కొత్త శాఖ తెరవాలా అన్న నిర్ణయాలకూ ఈ నివేదికలు పనికొస్తాయి. 2013 కంపెనీల చట్టం 138వ సెక్షన్, దాని నియమాల ప్రకారం లిస్టెడ్ కంపెనీలన్నిటికీ అంతర్గత ఆడిట్ తప్పనిసరి.

అయితే ఆడిటర్ ఎవరికి జవాబుదారీ అన్నదే అసలు ప్రశ్న. యాజమాన్యానికే అయితే నోరు పెగలదు. అందుకే బోర్డులోని ఆడిట్ కమిటీకి నేరుగా నివేదించాలంటారు. హైదరాబాద్ ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణంలో 2015లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో సంస్థ అంతర్గత ఆడిట్ మాజీ అధిపతీ ఉన్నారు.