కంప్యూటరు ఆట: ఆలోచన నుండి సంపూర్ణ విడుదల వరకు

ఆట అనే మాటకు మన పెద్దల దృష్టిలో రెండే అర్థాలున్నవి. ఒకటి మైదానంలో ఆడేది, రెండవది చదువు చెడగొట్టేది. ఈ రెండింటిలోను ఇమడని మూడవ ఆట ఒకటి ప్రపంచమంతటా పెద్ద పరిశ్రమగా పెరిగి, మన హైదరాబాదులోను వేళ్లూనుకొన్నది. అదే కంప్యూటరు ఆట. దానిని ఆడే విద్యార్థులు ఉదయగిరిలోను, ఆత్మకూరులోను కొల్లలుగా ఉన్నారు. తయారు చేయడమెట్లో, తయారైన దానిని లోకానికి అందించడమెట్లో ఎరిగినవారు మాత్రం అరుదు. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా కొద్దిమంది యువకులు కలసి ఒక ఆటను సంపూర్ణ విడుదల దాకా ఏ విధంగా నడిపించుకొని పోతారో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

ముందుగా ఒక సందేహం తీర్చవలసి ఉన్నది. గేమింగ్ అనగానే పేకాట, పందెం, అప్పుల పాలైన కుటుంబాలు పెద్దలకు గుర్తుకు రావడం సహజం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, ఆన్‌లైన్ రమ్మీ వంటి డబ్బు పందెపు ఆటలను నిషేధించినది. 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చి, డబ్బు ఒడ్డి ఆడే ఆటలను ఒక వైపు నిషేధిస్తూ, పందెం లేని ఆటలకు మరొక వైపు ప్రోత్సాహం ప్రకటించినది. మేము చెప్పబోయేది ఈ రెండవ తెగను గురించి. కథ, చిత్రలేఖనం, సంగీతం, గణితం నాలుగూ కలిస్తే గాని ఇట్టి ఆట తయారు కాదు.

స్వతంత్ర స్టూడియో అంటే తన ఆటను తానే నిర్ణయించుకొనే చిన్న సంస్థ. ముగ్గురుండవచ్చు, పదిమంది ఉండవచ్చు, ఒక్కరే ఉండవచ్చు. మన ప్రాంతం నుండి ఉదాహరణ కావాలంటే హైదరాబాదులో జైనుద్దీన్ ఫహద్ స్థాపించిన ఓగ్రీ హెడ్ స్టూడియోను చెప్పుకోవచ్చు. భారతీయ పురాణాల వాతావరణాన్ని ఆధారం చేసుకొని వారు నిర్మించిన ‘అసుర’ అనే ఆట 2017లో స్టీమ్ అనే అంతర్జాల అంగడిలో విడుదలైనది. ఆడిన ప్రతిసారీ నాయకుని శక్తుల అమరిక మారిపోవడం అందులోని విశేషం. విదేశీ కంపెనీల పనిలో కొంత భాగం చేసి పెట్టడమే వృత్తిగా అలవడిన నగరంలో, సొంత కథతో సొంత ఆట తీయడం సాహసమే.

ఇక తయారీ క్రమం. మొదట నమూనా తయారగును. అందులో బొమ్మలు ఉండవు, పెట్టెలూ గీతలూ ఉంటవి. ఈ ఆట ఆడబుద్ధి అవుతుందా లేదా అనే ఒక్క ప్రశ్నకే అది సమాధానం. అవుతుందని తేలితే ఒక చిన్న ఘట్టాన్ని మాత్రం తుది నాణ్యతతో పూర్తి చేస్తారు. పెట్టుబడి పెట్టేవారికి చూపేది దానినే. ఆ తరువాత ఆల్ఫా: అన్ని అంగాలూ ఉంటవి గాని మెరుగు ఉండదు. ఆపైన బీటా: కొత్తవి చేర్చడం ఆపి, తప్పులు దిద్దడమే పని. కాగితం మీద ఇంత సులభంగా వ్రాసినాము గాని, ఆల్ఫా నుండి బీటాకు దాటడం వద్దనే ఎన్నో ఆటలు ఆగిపోతవి. కారణం సామర్థ్యలోపం కాదు. ఇంకొక్కటి చేర్చుదామనే ఆశ.

2009లో ఒక స్వీడిష్ యువకుడు ఈ క్రమాన్ని తలక్రిందులు చేసినాడు. ఆయన పేరు మార్కస్ పెర్సన్, ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. సగమైనా పూర్తికాని ఆటను ఆయన తక్కువ ధరకు అమ్మసాగినాడు. ఆట పెరిగే కొద్దీ ధర పెంచుతూ, 2011 నవంబరులో సంపూర్ణ విడుదల ప్రకటించినాడు. ముందుగా కొన్నవారి డబ్బే తయారీకి పెట్టుబడి, వారి సలహాలే పరీక్ష. 2013లో స్టీమ్ అంగడి ఈ పద్ధతికి ‘ముందస్తు ప్రవేశం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి ఒక ప్రత్యేక విభాగాన్ని తెరచినది. సూపర్‌జయంట్ అనే చిన్న అమెరికా సంస్థ తన ‘హేడీస్’ ఆటను 2018 డిసెంబరు నుండి ఇట్లే ప్రజల ముందుంచి, 2020 సెప్టెంబరులో పూర్తి చేసినది. బెల్జియం సంస్థ లారియన్ ‘బాల్డర్స్ గేట్ 3’ ఆటలో మొదటి అంకాన్ని మాత్రం 2020లో ఇచ్చి, మిగిలిన కథను 2023 ఆగస్టు దాకా దాచి ఉంచినది. ఈ రెండవ పద్ధతి మాకు మరింత వివేకవంతంగా తోచినది. కథ ప్రధానమైన ఆటలో ముగింపు ముందే తెలిస్తే విడుదల నాడు మిగిలేదేమున్నది?

అందరికీ ఈ దారి పట్టదు. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు ‘స్టార్డ్యూ వ్యాలీ’ అనే వ్యవసాయపు ఆటను నాలుగేళ్లకు పైగా ఒంటరిగా చెక్కి, సగం సరకు అమ్మకుండా, 2016 ఫిబ్రవరిలో పూర్తిగానే విడుదల చేసినాడు. మన ఉదయగిరి దారు శిల్పుల ధోరణి కూడా ఇదే. చెంచా కాడ మీద నగిషీ పూర్తయి, నునుపు తేరిన తరువాతనే అది బయటికి వస్తుంది. సగం చెక్కిన చెంచాను ఎవరూ కొనరు. సగం ఆటను కొంటారు. చిక్కంతా అక్కడనే ఉన్నది. కొన్నవాడు ఒక వస్తువును కాక ఒక మాటను కొంటున్నాడు. ‘స్పేస్‌బేస్ డి.ఎఫ్.-9’ అనే ఆటను 2013లో అసంపూర్ణంగా అమ్మిన సంస్థ, వచ్చే రాబడి చాలక, అనుకొన్న అంగాలు ఎన్నో విడిచిపెట్టి 2014లో సంపూర్ణమని ముద్ర వేసినది. కొన్నవారి ఆగ్రహం చాలా కాలం చల్లారలేదు. ఒక్క ప్రతి అమ్మకపోయినా ఆటను పూర్తి చేయగల స్తోమత లేకుంటే ఈ విభాగంలోకి రావద్దని స్టీమ్ తన నియమాలలో హెచ్చరించడం ఇందువల్లనే.

కనుక ప్రణాళిక అంటే ముందు లెక్క. ఐదుగురు మిత్రులు కలసినారనుకొందాము. ఒక్కొక్కరికి నెలకు ఇరవై వేల రూపాయల వంతున, పద్దెనిమిది నెలలకు పద్దెనిమిది లక్షలు. ఆట ధర 500 రూపాయలు పెడితే, అంగడి తన వంతుగా నూటికి 30 తీసుకొనును, మిగిలేది 350. పన్నులు, తగ్గింపు ధరలు, రెండు గంటలలోపు ఆడి వాపసు చేసేవారు — వీటిని పక్కనబెట్టినా, పెట్టిన డబ్బు తిరిగి రావడానికే ఐదువేల నూట నలభైకి పైగా ప్రతులు అమ్మవలెను. ఈ సంఖ్య చూచిన పిదప పని నెలలు తగ్గించడమా, ఘట్టాలు తగ్గించడమా అనే చర్చ మొదలగును. ఘట్టాలు తగ్గించడమే మేలని మా అభిప్రాయం. తొందరలో వచ్చిన ఇరవై ఘట్టాల కంటె శ్రద్ధగా వచ్చిన ఎనిమిది ఘట్టాలు నిలుస్తవి. వాగ్దానం ఇంకా చేయక ముందే తగ్గించుకోవలెను. చేసిన తరువాత తగ్గిస్తే దానిని మోసమంటారు.

పూణే నగరపు నాడింగ్ హెడ్స్ సంస్థ ‘రాజి’ అనే ఆట కొరకు 2017లో ప్రజల నుండి చందా సేకరింపబూని విఫలమైనది. లక్ష్యం చేరకపోతే ఆ పద్ధతిలో ఒక్క పైసా చేతికి రాదు. అయినను వారు పట్టు విడువక 2020లో ఆటను విడుదల చేసినారు, 2022లో హిందీ గళాలతో మెరుగుపరచిన ప్రతిని కూడా అందించినారు. ఒక ద్వారం మూసుకొన్న తరువాతి మూడేళ్లను ఎట్లు గడపవలెనో ప్రణాళికలో ముందే ఉండవలెననడానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

అంగడి నియమాలు కూడా తేదీలను నిర్ణయించును. స్టీమ్‌లో ఒక్కొక్క ఆటకు నూరు డాలర్ల రుసుము; అది చెల్లించిన ముప్పది దినాల వరకు విడుదల చేయనీయరు; ‘త్వరలో రానున్నది’ అనే పుట కనీసం రెండు వారాలు తెరచి ఉండవలెను. అనుభవజ్ఞులు రెండు వారాలతో తృప్తిపడరు, ఎన్నో నెలల ముందే ఆ పుట తెరచి, కోరికల పట్టికలో చేర్చుకొన్నవారి సంఖ్యను దినదినం గమనిస్తారు. మన ప్రాంతంలో కంప్యూటరు కంటె ఫోనే అందరి చేతిలో ఉన్నది గనుక గూగుల్ ప్లే నియమం మన విద్యార్థులకు మరింత అవసరం. ఇరవై ఐదు డాలర్లు ఒక్కసారి కట్టి వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరచినవారు, కనీసం పన్నెండుమంది పరీక్షకులను చేర్చుకొని, వరుసగా పదునాలుగు దినాలు పరీక్ష జరిపిన పిదపనే బహిరంగ విడుదలకు అనుమతి కోరవలెను. పన్నెండుమందిని ఎక్కడ తెచ్చేదని నగరంలో ఒంటరిగా పనిచేసేవాడు విచారించవచ్చు. ఒక హాస్టలు వరండాలో అది సాయంత్రపు పని.

చివరగా భాష. తెలుగులో ఆట తీయాలనుకొనేవారికి మొదటి అడ్డంకి కథ కాదు, వత్తు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో సకారం, దాని కింద తకారం, రేఫ, పైన దీర్ఘం కలసి ఒకే ఆకృతి కావలెను. ఆంగ్లాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకొని తయారైన సాధనాలు ఈ ముక్కలను విడివిడిగా పేర్చి నవ్వులపాలు చేస్తవి. ఉర్దూకు చిక్కు రెండింతలు: వ్రాత కుడి నుండి ఎడమకు నడచును, పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మార్చుకొనును, నస్తాలీఖ్‌లో పదం వాలుగా దిగును. ఈ కూర్పు పని చేసే ఉచిత సాధనం ఒకటున్నది. దాని పేరు హర్ఫ్‌బజ్. పారసీ నుండి వచ్చిన ఆ పేరులోని ‘హర్ఫ్’ అంటే అక్షరమని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన గోడో అనే ఆటల నిర్మాణ సాధనం 2023 మార్చిలో వచ్చిన నాల్గవ సంచిక నుండి దానిని తనలో ఇముడ్చుకొన్నది. పని ప్రారంభించే మొదటి దినాననే, ఒక్క బొమ్మ అయినా గీయక ముందే, ‘స్త్రీ’, ‘శాస్త్రం’, ‘ఉదయగిరి’ అనే మూడు మాటలను, వాటి పక్కన ఒక ఉర్దూ వాక్యాన్ని అందులో టైపు చేసి తెర మీద ఎట్లు కనిపించునో చూడవలెను.