వాణిజ్య వీథులు – కాలము చెల్లిన నిబంధనలు

చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో అడుగుపెట్టినవారికి గాజుల దుకాణములు కన్పట్టునుగాని, ఆ గాజులు చేయు చేతులు కన్పట్టవు. పాతనగరపు సందులలో, ఇరుకైన ఇండ్లలో, లక్కను వేడికి మెత్తబరచి, గుండ్రముగా చుట్టి, దానిపై రంగురాళ్ళను పొదుగు కుటుంబములు అనేకము కలవు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు మనమందరము గర్వించితిమి. అటుపిమ్మట ఒకనాడు తరగతిలో ఆ వృత్తి కుటుంబమునకు చెందిన విద్యార్థి యొకడు మమ్ము ఇట్లడిగినాడు: “సార్, ముందు గదిలో అమ్ముచున్నాము, వెనుక గదిలో చేయుచున్నాము, పైన నివసించుచున్నాము. మాది ఇల్లా, దుకాణమా, కార్ఖానాయా?”

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవి నగరపు జోనింగు నిబంధనలు. అవి ఎట్లు పుట్టినవో, ఏల మారవలసి వచ్చునో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జోనింగు అనగా నగరభూమిని నివాస, వాణిజ్య, పారిశ్రామిక ప్రాంతములుగా విభజించి, ఏ ప్రాంతమున ఏ పని సాగవచ్చునో, భవనము ఎంత ఎత్తు లేవవచ్చునో, చుట్టును ఎంత ఖాళీ విడువవలెనో నిర్ణయించుట. తోళ్ళు శుద్ధి చేయు కర్మాగారము ప్రక్కన పాఠశాల ఉండరాదని ఎవరైనను అంగీకరింతురు. కాని నిబంధన వ్రాసిననాటి వలెనే కాగితముపై నిలిచియుండును; వ్యాపారము నిలిచియుండదు. చిక్కు అక్కడ మొదలగును.

ఇందుకు న్యూయార్కు నగర చరిత్ర చక్కని ఉదాహరణము. 1915లో అచ్చటి వ్యాపారకేంద్రమున ఈక్విటబుల్ భవనము పూర్తియైనది. సుమారు ఒక్క ఎకరము స్థలములో పన్నెండు లక్షల చదరపు అడుగుల అంతస్తులతో అది నిటారుగా లేచి, పొరుగు భవనములకు వెలుతురు లేకుండ చేసినది. ప్రజలలో ఆందోళన పెరిగినది. మరుసటి సంవత్సరము, 1916 జులై 25న, అమెరికాలో ఒక మహానగరమంతటికి వర్తించు మొట్టమొదటి సమగ్ర జోనింగు శాసనము వచ్చినది. వీథి వెడల్పునుబట్టి భవనపు గోడ కొంత ఎత్తువరకే నిటారుగా లేవవలెను. అటుపై మెట్లుమెట్లుగా వెనుకకు తగ్గవలెను. ఆ కాలపు న్యూయార్కు భవనములు మెట్ల గోపురముల వలె కన్పడుటకు కారణమిదియే.

అయితే ఆ శాసనము వెనుక వెలుతురు కోరిక యొక్కటియే లేదు. ఫిఫ్త్ ఎవెన్యూలోని సంపన్న వర్తకులు తమ దుకాణముల సమీపమునకు దుస్తులు కుట్టు కార్ఖానాలు వచ్చుటను సహింపలేదు. మధ్యాహ్నపు విరామములో వలస కార్మికులు గుంపులుగా కాలిబాటపై నిలిచినచో కొనువారు రారని వారి భయము. ఆ కార్ఖానాలను దూరముగ నుంచవలెనని వారు గట్టిగా ప్రచారము చేసినారు. మంచి నిబంధనలో కూడ పేదవానిని కంటికి దూరము చేయు తలంపు చేరగలదని మనము గుర్తుంచుకొనవలెను.

1961లో ఆ నగరము నిబంధనలను మరల తిరుగవ్రాసినది. స్థల వైశాల్యమునకు ఇన్నిరెట్లు మాత్రమే అంతస్తుల వైశాల్యము ఉండవలెనను లెక్క వచ్చినది. భవనము ముందు ప్రజలకు ఖాళీ స్థలము విడిచినవారికి అదనపు అంతస్తులు కట్టుకొను హక్కు లభించినది. వ్యాపారములన్నియు పదునెనిమిది వర్గములుగా జాబితా వేయబడినవి. ఆనాడు పొగయు, చప్పుడును లేక జరుగని పనులు కొన్ని, తరువాతి కాలమున బల్లమీది చిన్న యంత్రముతో జరుగసాగినవి. జాబితా మాత్రము మారలేదు. కొన్ని నివాస ప్రాంతములలో రెండేండ్లు మూతబడిన దుకాణమును మరల తెరచుటకు వీలులేకపోయినది. కడకు 2024 జూన్ 6న నగర కౌన్సిలు ఈ నిబంధనలను సవరించి, అట్టి దుకాణములకు మార్గము తెరచినది. హాని చేయని చిన్న తయారీ పనులను వాణిజ్య వీథులలో విస్తృతముగా అనుమతించినది.

ఇక మన హైదరాబాదు సంగతి. 1908 మూసీ వరద పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టి రాతి కమానుల వరుసను నిర్మింపజేసినది. క్రింద దుకాణములు, పైన గదులు. అనగా ఒకే కప్పు క్రింద పలు వినియోగములుండుట మన నగరమునకు క్రొత్త కాదు. 1975లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1981లో దాని జోనింగు నిబంధనలు వచ్చినవి. 2006లో అంతస్తుల వైశాల్యముపై నున్న పరిమితిని తొలగించి, వీథి వెడల్పు, విడువవలసిన ఖాళీ, ఈ రెంటినిబట్టి ఎత్తును నిర్ణయించు పద్ధతి ప్రవేశపెట్టబడినది. న్యూయార్కు వీథి వెడల్పు నుండి వైశాల్యపు లెక్కకు పోగా, మనము వైశాల్యపు లెక్క నుండి వీథి వెడల్పునకు వచ్చితిమి. వెడల్పైన రోడ్డుపై స్థలమున్నవానికి ఇది మేలు చేసినది. సందులోనివానికి ఒరిగినది స్వల్పము.

కావున నిబంధనలను సవరించునప్పుడు మూడు విషయములు గమనింపవలెనని మా అభిప్రాయము. మొదటిది, వృత్తి పేరును చూడక అది కలిగించు హానిని చూడవలెను; పొగ ఎంత, చప్పుడు ఎంత, అగ్నిభయము ఎంత అని కొలువవలెను. రెండవది, ఆ కొలతలో నిజముగ అపాయమున్నచో, మనవాడే అయినను మినహాయింపు కోరరాదు. ఇరుకు సందులో నిప్పు అంటుకొనినచో ముందు కాలునది మన ఇల్లే. మూడవది, ఆ వీథిలో బ్రతుకువారిని అడుగక వ్రాయరాదు.

ఈ మూడవ విషయమున మన కళాశాల చేయగలిగినది కలదు. నగర ప్రణాళిక ముసాయిదాను ప్రకటించి, ప్రజల అభ్యంతరములను, సూచనలను కోరు పద్ధతి చట్టములోనే ఉన్నది. కాని ఆ ముసాయిదాల భాష మన పెద్దలకు తెలియదు. తెలిసినను గడువులోపల వ్రాయువారు కొరత. ఉర్దూ, తెలుగు, ఆంగ్లము మూడును చదువగల విద్యార్థులు మనకున్నారు. వారు ఒక ముసాయిదాను చదివి, తమ మహల్లాలోని పదిమందికి అర్థమగునట్లు చెప్పి, వారి మాటను కాగితముపై పెట్టినచో, అది పరీక్షలో వచ్చు మార్కులకంటె తక్కువ విలువైనది కాదు. కళాశాల కమిటీవారు ఇందుకొక చిన్న బృందమును ఏర్పాటు చేయవలెనని మా మనవి.

ఆనాడు మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు తరగతిలో మేము సూటిగా జవాబు చెప్పలేకపోతిమి. మాది ఈ మూడును అని అతడు నిర్భయముగా వ్రాయగల నిబంధన రావలెనని కోరుకొనుచున్నాము. దానిని వ్రాయించు పనిలో అతని చేయి కూడ ఉండవలెను.